ఇగ్నిషన్ లాక్ పట్టేస్తోందని రెండుసార్లు వచ్చిన కారు: ఒక కేస్ స్టడీ

కార్ల తాళాలూ, వైరింగూ చూడటం నా పని. కీ తిరగట్లేదని వచ్చే పాత బళ్లు నాకు కొత్త కాదు. ఈ బండి గురించే ప్రత్యేకంగా రాయడానికి కారణం, దీన్ని బాగుచేశాననుకుని పంపించేస్తే తొమ్మిదో రోజున మళ్లీ నా ముందుకొచ్చి నిలబడింది. మొదటిసారి చేసిన పనిలో తప్పు లేదు. అడగాల్సిన ప్రశ్నలు మూడు అడగలేదు, అంతే.

ఇరవై ఏళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేరు. మీటరు మీద 1,60,000 కిలోమీటర్లు దాటింది. ఇగ్నిషన్ లాక్ స్టీరింగ్ కాలమ్‌కి పక్కన ఉంటుంది. కీలో చిప్ లేదు, ఉత్త లోహపు కీ. ఓనరు రిటైరైన మాస్టారు.

"కీ లోపలికి బాగానే వెళ్తోంది బాబూ, తిరగనంటోంది. కాసేపు అటూ ఇటూ ఆడిస్తే ఎప్పుడో తిరుగుతుంది. మొన్న పెట్రోల్ బంకులో పావుగంట పట్టింది. వెనకాల అందరూ హారన్లు. నాకు చెమటలు పట్టేశాయి" అన్నారు.

ఇంట్లో ఏమేం చేశారని అడిగితే నిజాయితీగా చెప్పారు. ముందు తుప్పు వదిలించే స్ప్రే కొట్టారు. రెండు రోజులు బాగుంది. తర్వాత కుట్టుమిషన్ నూనె వేశారు. ఆ తర్వాత ఎవరో చెప్పారని పెన్సిల్ చెక్కి ఆ నల్లపొడి ఊదారు. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ ఘోరం కాదు. ఒకదాని మీద ఒకటి వేస్తేనే చిక్కు. నూనెలో గ్రాఫైట్ పొడి కలిస్తే జారుడు రాదు, మడ్డి వస్తుంది. లోపల ఆ మడ్డి ఉంటుందని ఆ క్షణమే ఊహించాను. ఊహించి కూడా లాక్ విప్పలేదు. ఆ సంగతి తర్వాత.

మొదటి రోజు

లాక్ పట్టేస్తోందంటే నేను ముందు ముట్టుకునేది లాక్‌ని కాదు, స్టీరింగ్‌ని. కీ తీసేశాక లోపల్నుంచి ఒక ఇనుప గడియ వచ్చి స్టీరింగ్ కడ్డీ గాడిలో పడుతుంది. ముందు చక్రం మెట్టుకి ఆనుకుని ఉన్నా, బండి దిగేటప్పుడు స్టీరింగ్ పట్టుకుని లేచినా, ఆ బరువంతా గడియ మీద పడుతుంది. అప్పుడు కీ ఎంత తిప్పినా గడియ వెనక్కి రాదు. బలం పెడితే కీ మెలితిరుగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది కూడా. స్టీరింగ్‌ని రెండు వైపులా కదిపి చూసి, ఏ వైపు కాస్త వదులుగా వస్తుందో అటు మెత్తగా లాగి పట్టుకుని, అదే సమయంలో కీ తిప్పాలి. అమెరికాలో 1970 జనవరి 1 నుంచి, కీ తీస్తే ఇంజన్ స్టార్ట్ కాకుండా ఉండటమే కాక, స్టీరింగో బండి కదలికో ఏదో ఒకటి లాక్ అయిపోవాలని నిబంధన పెట్టారు. దొంగల కోసం పెట్టిన గడియ ఓనర్లని కూడా అప్పుడప్పుడూ ఇలా ఏడిపిస్తుంది.

ఈ బండిలో స్టీరింగ్ బరువు తీసేసినా కీ తిరగలేదు. అంటే గడియ కాదు.

ఇక కీ వంతు. కారు లాకుల్లో ఎక్కువ భాగం వేఫర్ లాకులు. కీ దూరే సిలిండర్‌లో పల్చటి ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి. ఒక్కో రేకు మధ్యలో కిటికీలా ఖాళీ ఉంటుంది, కీ ఆ కిటికీల్లోంచి వెళ్తుంది. ఒక్కో రేకుని ఒక్కో చిన్న స్ప్రింగు బయటికి తోస్తూ ఉంటుంది. కీ మీద గాట్లు సరైన లోతులో ఉంటే రేకులన్నీ సిలిండర్ ఒంటికి సమంగా సర్దుకుంటాయి, సిలిండర్ తిరుగుతుంది. ఒక్క రేకు వెంట్రుకవాసి బయటికి పొడుచుకుని ఉన్నా తిరగదు. చాలా లాకుల్లో ఒక లోతుకీ తర్వాతి లోతుకీ తేడా అర మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. అందుకే కీ పావు మిల్లీమీటరు అరిగినా లాక్‌కి అది వేరే కీలాగే అనిపిస్తుంది.

నేరం కీదా, లాక్‌దా అని తేల్చడానికి నేను వాడే చిట్కా ఒకటుంది. డ్రైవర్ పక్క సీటు తలుపు లాక్‌లో అదే కీ పెట్టి చూస్తాను. ఆ తలుపుని బయట నుంచి కీతో తీసేవాళ్లు అరుదు కాబట్టి దాని రేకులు దాదాపు కొత్తవే. అక్కడ కూడా కీ మొరాయిస్తే అరిగింది కీయే. మాస్టారి కీ అక్కడా నాలుగైదు ప్రయత్నాలకి గానీ తిరగలేదు. ఇంట్లో రెండో కీ ఉందా అంటే తెచ్చిచ్చారు, కానీ అది అరిగిన మొదటి కీని చూసి కోయించిన డూప్లికేట్. అరుగుదలని కూడా నమ్మకంగా కాపీ చేసిన కీ అన్నమాట.

ఇలాంటప్పుడు చేతిలో ఉన్న కీని చూసి ఇంకోటి కోయడం దండగ. కంపెనీ ఆ తాళానికిచ్చిన నంబరు, అంటే కోడ్ నుంచి కోయాలి. కొత్త బండితో ఇచ్చే చిన్న బిళ్ల మీద ఆ నంబరు ఉంటుంది. బిళ్ల ఎప్పుడో పోయింది. కొన్ని బళ్లలో పక్క తలుపు లాక్ ఒంటి మీద కూడా కోడ్ గుద్ది ఉంటుంది. తలుపు లోపలి అట్ట విప్పి చూస్తే అదృష్టం బాగుండి కనిపించింది. ఆ కోడ్‌తో కొత్త కీ కోసి, పాత కీని దాని పక్కన పెట్టి వెర్నియర్‌తో (మిల్లీమీటరులో వంతులు కొలిచే పరికరం) కొలిచాను. రెండు గాట్ల దగ్గర గట్టు 0.3 మిల్లీమీటర్ల దాకా అరిగిపోయింది.

కొత్త కీతో ఇరవై సార్లు తిప్పాను. ఇరవై సార్లూ తిరిగింది. మాస్టారు మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను. పంపించేశాను.

అప్పుడు టైము మధ్యాహ్నం మూడు. ఎండలో నిలబెట్టిన బండి. ఆ వివరం నాకు ఆ రోజు పట్టలేదు.

తొమ్మిదో రోజు

ఈసారి బండి తెచ్చింది మాస్టారి అమ్మాయి. పొద్దున్నే ఆఫీసుకి ఈ కారు వాడేది తనే. మాస్టారు సాయంత్రాలు మాత్రమే తీస్తారట.

"అన్నా, పొద్దునపూట మళ్లీ అదే కథ. మధ్యాహ్నం బానే తిరుగుతోంది. ఇంకోటి, స్టార్ట్ అయ్యాక కూడా ఒక్కోసారి గర్రుమని అరుస్తూనే ఉంటుంది. కీని నేనే చేత్తో వెనక్కి తిప్పాల్సి వస్తోంది. అది నాన్న చెప్పలేదా?"

నాన్నకి అది తెలియదు. నేను అడగలేదు. బండి ఎక్కువగా ఎవరు నడుపుతారు, ఏ వేళలో పట్టేస్తోంది, కీ ఏ స్థానంలో పట్టేస్తోంది? ఈ మూడూ అడిగి ఉంటే ఆ మొదటి రోజే సగం పని తేలిపోయేది.

పట్టేయడం అని జనం ఒకే మాట అంటారు గానీ అందులో నాలుగు రకాలున్నాయి. కీ లోపలికే దూరకపోతే కంతలో చెత్తో, విరిగిన ముక్కో, పక్కకి ఒరిగిన రేకో ఉండాలి. దూరి తిరగకపోతే కీ, రేకులు, స్టీరింగ్ గడియ, ఈ మూడింట్లో ఒకటి. తిరిగి, స్టార్ట్ నుంచి ఆన్‌కి తనంతట తాను వెనక్కి రాకపోతే లాక్ వెనకున్న ఎలక్ట్రికల్ స్విచ్‌నీ, వెనక్కి లాగే స్ప్రింగునీ చూడాలి. ఆఫ్ చేశాక కీ బయటికి రాకపోతే, ఆటోమేటిక్ బండి అయితే, ముందు గేరు లివర్ పార్క్‌లో సరిగ్గా పడిందో లేదో చూడాలి. అది పడకపోతే కీ వదలకుండా పట్టుకునే ఏర్పాటు చాలా బళ్లలో ఉంటుంది. లాక్ విప్పేశాక ఆ సంగతి గుర్తొచ్చి తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

అమ్మాయి చెప్పినదాని ప్రకారం ఈ బండిలో రెండో రకం, మూడో రకం కలిసి ఉన్నాయి. మూడో రకం ప్రమాదం. ఇంజన్ అందుకున్నాక కూడా స్టార్టర్ మోటారుకి కరెంటు వెళ్తూ ఉంటే దాని క్లచ్ అరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది, దాని కరెంటు మోసే వైర్లూ వేడెక్కుతాయి. పని పూర్తయ్యేదాకా బండి ఇక్కడే ఉంచమన్నాను.

విప్పాక కనిపించింది

బ్యాటరీ నెగటివ్ తీశాను. ఈ బండికి ఎయిర్‌బ్యాగ్ ఉంది కాబట్టి ఆగాలి. ఎంతసేపు ఆగాలో ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. నేనైతే ఏ బండికైనా పది నిమిషాలకి తక్కువ ఆగను. తర్వాత స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్ల స్క్రూలు. ఇవి పాతబడి పెళుసెక్కి ఉంటాయి, తొందరపడితే క్లిప్పులు విరుగుతాయి.

కీని ఏసీసీ స్థానంలో (ఆఫ్‌కీ ఆన్‌కీ మధ్య, రేడియో లాంటివి మాత్రమే పనిచేసే చోటు) ఉంచి, పక్కనున్న సన్న రంధ్రంలో చువ్వతో లోపలి పిన్నుని నొక్కితే సిలిండర్ కీతో పాటు బయటికి జారుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. సిలిండర్ ఇంత తేలిగ్గా రావాలంటే కీ ఆ స్థానం దాకా తిరగాలి. పూర్తిగా పట్టేసిన లాక్ అయితే డ్రిల్లింగే గతి. కాలమ్‌కి పట్టి ఉంచే బోల్టులు కూడా విప్పడానికి వీల్లేకుండా, బిగించాక తల తెగిపోయేవే ఉంటాయి. కాబట్టి మొరాయించడం మొదలైనప్పుడే విప్పించుకోవాలి. ఇంకా తిరుగుతోంది కదా అని లాగించేవాళ్ల బళ్లకే చివరికి పని పెరుగుతుంది.

సిలిండర్లోంచి కీ తీసే పని ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేస్తాను. చూసేవాళ్లు నవ్వుతారు. బియ్యపుగింజలో సగం ఉండే స్ప్రింగు ఎగిరిపోయి సీటు కింద పడితే వెతికేది నేను కదా. విప్పేముందు రేకులు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకున్నాను.

మడ్డి గురించి ఊహించింది నిజమే. నల్లగా, చిక్కగా, వేలికి గరుకుగా తగిలింది. నూనె, గ్రాఫైట్, దుమ్ము, ఇరవై ఏళ్లుగా రాలిన ఇత్తడి పొడి. దాన్ని కడిగేశాక అసలు సంగతి బయటపడింది. ఎనిమిది రేకుల్లో మూడోదాని స్ప్రింగు రెండు ముక్కలైంది.

పొద్దున పట్టేయడం, మధ్యాహ్నం తిరగడం అప్పుడర్థమైంది. కీ లోపలికి వెళ్లేటప్పుడు దాని గట్లు రేకుల్ని పైకీ కిందకీ ఆడిస్తాయి. స్ప్రింగు ఉన్న రేకు కీని అంటిపెట్టుకుని మళ్లీ తన చోటికి వస్తుంది. స్ప్రింగు లేని రేకు, గట్టు తోసిన చోటే ఆగిపోతుంది. మధ్యాహ్నం వేడికి మడ్డి పల్చబడి ఉంటుంది, కీ కాస్త కదిలితే రేకు జారి సర్దుకుంటుంది. రాత్రి చలికి అదే మడ్డి గట్టిపడి రేకుని అంటుకుని ఉంటుంది. కీ ఆడించగా ఆడించగా తిరగడం కూడా ఇందుకే. మాస్టారి చేతి వాటం కాదు, రేకు అదృష్టవశాత్తూ చోటు చేరడం. నేను కొత్త కీతో ఇరవై సార్లు తిప్పి చూసినా అన్నీ ఎండలోనే కదా. ఇరవై ఎండ పరీక్షలకన్నా ఒక్క రాత్రి బండిని ఉంచుకుని పొద్దున ఒక్కసారి తిప్పి చూడటం నయం.

స్ప్రింగు మార్చాను. రెండో రేకు, ఐదో రేకు అంచులు గుండ్రంగా అరిగాయి. ఇవి పాత కీ మీద అరిగిన గాట్లకి సరిగ్గా ఎదురుగా ఉండేవే. రేకుల మీద వాటి లోతు నంబర్లు గుద్ది ఉంటాయి, అవి తలుపు కోడ్‌తో సరిపోయాయి. అవే నంబర్ల కొత్త రేకులు వేశాను. పని తొందరగా తెమలాలని కొందరు పొడుచుకొచ్చిన రేకుని ఆకురాయితో రుద్దేస్తారు, లేదా ఆ రేకునే తీసి పారేస్తారు. లాక్ వెన్నలా తిరుగుతుంది, నిజమే. అలా రెండు మూడు రేకులు పోగొట్టుకున్న లాక్ స్క్రూడ్రైవర్‌కి కూడా వెన్నలాగే తిరుగుతుంది. నేను ఆ పని చేయను. అడిగినా చేయను.

క్లీనర్ స్ప్రే వాడింది సిలిండర్‌ని బండికి దూరంగా పెట్టి. అది ప్లాస్టిక్‌ని, పెయింట్‌ని తినేస్తుంది. పూర్తిగా ఆరాక పొడిగా ఉండే టెఫ్లాన్ స్ప్రే ఒక్క పొర. గ్రాఫైట్ కూడా మంచిదే, కానీ కరెంటుని పోనిస్తుంది, వెనకాల స్విచ్ ఉన్న చోట పొడి రాలడం నాకిష్టం ఉండదు. ఏది వాడినా ఒక్కటే వాడాలి. మీద నూనె పోయకూడదు.

స్టార్టర్ అరుపు

సిలిండర్ తిరిగి పెట్టకుండానే వెనకున్న స్విచ్ పరీక్షించాను. స్క్రూలు రెండు తీస్తే అది విడిగా వస్తుంది. చాలామంది ఈ స్విచ్‌నీ లాక్‌నీ ఒకటే అనుకుని మొత్తం సెట్టు మార్పించేస్తారు. లాక్ అనేది తాళం, స్విచ్ అనేది కరెంటు పని. లాక్ తోక వెళ్లి స్విచ్‌ని తిప్పుతుంది, అంతవరకే వాటి బంధుత్వం.

సిలిండర్‌ని స్విచ్ లేకుండా పెట్టి తిప్పితే హాయిగా తిరిగింది. స్విచ్‌ని విడిగా స్క్రూడ్రైవర్‌తో స్టార్ట్ దాకా తిప్పి వదిలితే నీరసంగా సగం వచ్చి ఆగింది. వెనక్కి తెచ్చే స్ప్రింగు ఈ బండిలో స్విచ్ లోపలే ఉంది. స్విచ్ ప్లాస్టిక్ ఒక మూల గోధుమరంగులోకి తిరిగి ఒంగింది, కనెక్టర్‌లో ఆ పక్క పిన్ను నల్లబడింది. వేడెక్కి ఒంగిన ప్లాస్టిక్ లోపల తిరగాల్సిన భాగాన్ని పట్టేస్తోంది.

వేడి ఎక్కడిది? కవర్ల కింద ఒక ఎర్ర వైరు కనిపించింది, ఫ్యాక్టరీ వైరు కాదు. ఎప్పుడో పెట్టించిన ఫాగ్ లైట్లకి కరెంటు నేరుగా ఈ స్విచ్ ఆన్ వైరు నుంచి లాగారు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) లేకుండా. 55 వాట్ల బల్బులు రెండు, అంటే 110 వాట్లు, 12 వోల్టుల మీద 9 ఆంపియర్ల పైమాట. స్విచ్‌ని తాత్కాలికంగా కలిపి, లైట్లు వేసి, లోపలికి వచ్చే పిన్నుకీ బయటికి వెళ్లే పిన్నుకీ మధ్య మీటరు పెడితే 1.1 వోల్టులు చూపించింది, అంటే అంత వోల్టేజీ స్విచ్ లోపలే పోతోంది. ఆరోగ్యంగా ఉన్న స్విచ్‌లో అది 0.2 కూడా దాటకూడదు. 9 ఆంపియర్లని 1.1తో గుణిస్తే 10 వాట్లు. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బాలో లైట్లు వెలిగినంతసేపూ 10 వాట్ల వేడి. కాంటాక్టు కాలేకొద్దీ నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగేకొద్దీ ఇంకా కాలుతుంది.

కొత్త స్విచ్ వేసి ఊరుకుంటే అదీ ఇదే దారి పడుతుంది. ఫాగ్ లైట్లకి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వేరే లైను వేసి, మధ్యలో రిలే పెట్టాను. ఇప్పుడు స్విచ్ వైరు మోసేది రిలే కాయిల్‌కి కావలసిన ఆంపియర్‌లో ఆరేడో వంతు మాత్రమే. కాలిన కనెక్టర్ పిన్ను కూడా మార్చాను. దాన్ని అలాగే వదిలి కొత్త స్విచ్ గుచ్చడం దండగ ఖర్చు.

బిగించాక

అన్నీ పెట్టి, కవర్లు వేయకముందే కొన్ని చూసుకుంటాను. కీ ఆన్‌లో ఉండగా బయటికి రాకూడదు. స్టార్ట్ నుంచి వదలగానే టక్కున ఆన్‌కి రావాలి. కీ తీసి స్టీరింగ్ తిప్పితే గడియ పడాలి. కీ పెట్టి ఆన్ చేసి స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పితే ఎక్కడా గడియ రాసుకోకూడదు. ఈ చివరిది చూడకుండా బండి రోడ్డెక్కించకూడదు. నడుస్తున్న బండిలో గడియ పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బండిని ఆ రాత్రి బయటే ఉంచి, పొద్దున ఆరున్నరకి వెళ్లి తిప్పాను. మొదటిసారికే తిరిగింది, టక్కున వెనక్కి వచ్చింది.

మిగిలింది మాస్టారి కీగుత్తి. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, స్కూటరు కీ, ఒక ఇత్తడి బొమ్మ, అన్నీ ఒకే రింగుకి. బండి కుదిపినప్పుడల్లా ఆ బరువంతా ఊగుతూ రేకుల్నీ కీనీ రుద్దుతూ ఉంటుంది. 2014లో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల అమెరికాలోనూ బయటా సుమారు 26 లక్షల కార్లని వెనక్కి పిలిచింది. వాటి స్విచ్‌ల జబ్బు పట్టేయడం కాదు, దానికి పూర్తిగా వ్యతిరేకం, మరీ తేలిగ్గా జారిపోవడం. కుదుపుకో, కీగుత్తి బరువుకో కీ ఆన్ నుంచి జారితే ఇంజన్ ఆగి, పవర్ స్టీరింగ్ పోయి, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు. ఆ కంపెనీ పరిహార నిధి 124 మరణాలని ఒప్పుకుంది. బాగుచేసేదాకా రింగుకి ఇంకేమీ తగిలించొద్దు, కీ ఒక్కటే ఉంచుకోండి అని అప్పట్లో ఓనర్లకి చెప్పారు. ఈ బండిది ఆ జబ్బు కాకపోయినా ఆ సలహా ఏ బండికైనా పనికొస్తుంది. మాస్టారికి ఇదంతా చెప్పాను.

"బొమ్మ తీసేయమంటావా?" అన్నారు.

"బొమ్మే కాదు మాస్టారూ, బీరువా కూడా."

కోడ్ నుంచి కోసిన కీలు రెండు చేసిచ్చాను. ఒకటి రోజూ వాడకానికి, ఒకటి తీసి దాచడానికి. ఇంకెప్పుడైనా కాపీ కావాలంటే ఆ దాచినదాన్ని చూసే కోయించమన్నాను. కోడ్ కూడా కాగితం మీద రాసి బండి పత్రాల ఫైల్లో పెట్టించాను, బండిలో కాకుండా ఇంట్లో. పాత కీలు ఇచ్చేయండి, విరిచేస్తాను అంటే ఒకటిచ్చారు. రెండోది జేబులో వేసుకున్నారు, డిక్కీ తీసుకోవడానికి పనికొస్తుందట.